వేలికి అందని జ్వరం

"జరం లేదత్తా, ఉట్టిగనే మారాం చేస్తున్నది" అంది రజిత, కూతురి నుదుటి మీంచి చెయ్యి తీసేస్తూ.

రెండేళ్ల వెన్నెల చాప మీద ముడుచుకుని పడుకుంది. పొద్దున్నుంచి పాలు ముట్టలేదు. రజిత రెండుసార్లు నుదురు చూసింది, మెడ కింద చూసింది. ఏమీ లేదు. అవతల పని కొండంత ఉంది. మగ్గం దిగిన గొంగళ్లు మడతపెట్టాలి, పెట్టెల్లో సర్దాలి, మధ్యాహ్నానికల్లా కొరియర్ బండి వచ్చి గుమ్మం ముందు హారన్ కొడుతుంది.

ఐలవ్వ రాట్నం ఆపి, మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి మనవరాలి పొట్ట మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వేసినట్టే వెనక్కి లాక్కుంది.

"ఏమే! పోరి ఒళ్లు పెనం లెక్క కాలిపోతుంటే జరం లేదంటవా? నీది చెయ్యా, కట్టెనా?"

రజితకు కోపం వచ్చింది. ముసలామె ప్రతిదానికీ వంక పెడుతుందనుకుంటూ మళ్లీ నుదురు ముట్టుకుంది. అరచెయ్యి ఆనించి, అదిమి చూసింది. వేడి లేదు. చల్లదనమూ లేదు. గోడకున్న ఫొటోను తాకినట్టు ఉంది. 

అదే క్షణాన వెన్నెల కళ్లు పైకి తేలిపోయాయి. పిడికిళ్లు బిగుసుకున్నాయి. రజిత భర్త కొమురెల్లి మగ్గం గుంటలోంచి ఒక్క గెంతున బయటపడి బండి తీశాడు. సిద్దిపేట ఆసుపత్రిలో ఫిట్స్ ఆగేదాకా ఆ ముగ్గురూ ఊపిరి పీల్చుకోలేదు. పిల్ల గట్టెక్కింది. డాక్టరమ్మ మాత్రం చీటీ రాస్తూ ఒక మాట అంది. "ఇంత జ్వరం ఉంటే తల్లివి, నీకు తెలియలేదా అమ్మా?"

తిట్టి ఉంటే రజిత అంత బాధపడేది కాదు. డాక్టరమ్మ మామూలుగానే అడిగింది.

ఎందుకు తెలియలేదో చెప్పాలంటే ముందు సంతబాట గురించి చెప్పాలి. సూది నుంచి నాగలి దాకా ఫోన్‌లో అమ్మే అంగడి అది. రజిత ఇంట్లో మగవాళ్లు నేస్తారు, ఆడవాళ్లు నల్లగొర్రెల ఉన్ని వడుకుతారు. డిగ్రీ చదివి కోడలుగా వచ్చిన రజిత ఆ గొంగళ్లను సంతబాటలో పెట్టింది. ఊళ్లో మరో ఆరు ఇళ్లవాళ్లు కూడా ఆమె ఖాతా మీదే అమ్ముకోవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లు ఒక ఫొటో, నాలుగు మాటలు, ధర ఉంటే సరిపోయేది.

తర్వాత రూల్సు మొదలయ్యాయి. ఫొటో వెనక తెల్లగుడ్డ ఉండాలన్నారు. గుడ్డ కట్టారు. తెల్లగుడ్డ పనికిరాదు, వీడియో కావాలన్నారు. వీడియో తీశారు. వీడియోలో మనిషి కనపడకూడదన్నారు, మరుసటి నెల మనిషి తప్పకుండా కనపడాలన్నారు. కాదంటే సరుకు అంగట్లోంచి మాయం. అమ్మకందార్ల గ్రూపులో ఒకటో తేదీ వచ్చిందంటే చాలు, "ఈ నెల మన నెత్తిన ఏం పడిందన్నా?" అని అడిగేవాళ్లు. నవ్వుకునేవాళ్లు కూడా. నవ్వడానికి ఓపిక ఉన్న రోజులవి.

చివరికి స్పర్శముద్ర వచ్చింది. చూపుడువేలుకీ నడిమివేలుకీ బొటనవేలుకీ తొడుక్కునే మూడు టోపీల్లాంటివి కొరియర్‌లో పంపారు. వాటిని తొడుక్కుని సరుకును తాకితే, ఆ తాకిడి ఎక్కడికో వెళ్లి నిలవ ఉంటుంది. కొనేవాడు తన ఫోన్ అద్దం మీద బొటనవేలు ఆనిస్తే, ఆ సరుకును తానే తాకినట్టుంటుంది. యంత్రంతో తాకిస్తే గరుకు ఎంతో లెక్క తెలుస్తుందట గానీ తాకినట్టు ఉండదట. అందుకని బతికున్న మనిషి వేలే కావాలి. ముద్ర లేని సరుకు ఫలానా తేదీ తర్వాత కనిపించదన్నారు.

రజిత ముద్ర వేసింది. గొంగడికి వందకు ముప్పై ఒకటి వచ్చింది. కొత్త గొంగడి చింతగింజల గంజి తాగి బిరుసుగా ఉంటుంది. ఏళ్లు కప్పుకుంటే గానీ మెత్తబడదు. "గుచ్చుకుంటోంది" అని కొనేవాళ్లు రాశారు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమంటే ఇదే అని ఐలవ్వ మండిపడింది. ఆమె మంటకు మార్కులు పెరగలేదు. గొంగళ్లు అంగట్లో అడుక్కి పోయాయి.

రెండోసారి ముద్ర వేసేటప్పుడు రజిత ఒక పొరపాటు చేసింది. మగ్గం దిగిన గొంగడి గడప దాటేముందు ఇంటి ఆడది దాని అంచు మడిచి రెండు కళ్లకూ అద్దుకోవడం ఆ ఇళ్ల ఆచారం. గొర్రెలను కాచే దేవుడు బీరప్ప ఇచ్చిన ఉన్ని, ఇంకొకరి ఒంటిని కాపాడటానికి పోతోంది, చల్లగా ఉండమని. వేళ్లకు టోపీలు ఉన్నాయన్న సంగతి మరిచి, యంత్రం నడుస్తుండగానే రజిత అంచు ఎత్తి కళ్లకద్దుకుంది. ఉన్నితో పాటు ఆమె రెప్పలూ చెంపలూ ఆ వేళ్లకు తగిలాయి.

ఈసారి తొంభై ఏడు వచ్చింది.

"అమ్మ ఒళ్లో పడుకున్నట్టుంది" అని ఎవరో ముంబయి నుంచి రాశారు. ఇంకెవరో ఏడ్చామని రాశారు. ఆరు నెలల్లో ఏడిళ్ల మగ్గాలకూ చేతినిండా పని దొరికింది. రేకుల షెడ్డు లేచింది. ఆ సంతోషంలో ఉండగానే కొత్త రూలు వచ్చింది. ఎక్కువ మార్కులు వచ్చిన ముద్రే ఇకపై ఆధారం. ప్రతి నెలా అదే చేత్తో, అదే విధంగా ముద్ర మళ్లీ వేయాలి. తొంభై ఐదు శాతం సరిపోలాలి. చెయ్యి మార్చడానికి వీల్లేదు. తప్పితే ఖాతా మూత.

దేవుడి కోసం చేసే పని యంత్రం కోసం చేయడానికి రజితకు మొదట్లో మనసొప్పలేదు. తర్వాత అలవాటైపోయింది. ఈమధ్య మాత్రం ముద్ర సరిపోవడానికి మళ్లీ మళ్లీ వేయాల్సి వస్తోంది. "వేలిని మరింత గట్టిగా నొక్కండి" అని సంతసఖి తియ్యగా చెబుతుంది. సంతసఖి మనిషి కాదు, ఆ కంపెనీ గొంతు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు రజిత గ్రూపులో అడిగింది. 'ముద్ర వేసే వేళ్లకు ఎవరికైనా ఏమైనా అవుతున్నదా?' చాలామంది చూశారు, ఎవరూ రాయలేదు. కాసేపటికి హైదరాబాదు నుంచి గాజుల షరీఫ్ ఫోన్ చేశాడు. లాడ్‌బజారులో దుకాణం, గలగలా మాట్లాడే మనిషి.

"అక్కా, గ్రూపుల రాస్తే కంపెనోళ్లు చూస్తరని అందరికి భయం. నాకైతే గాజు తగుల్తలేదు. చాయ్ గ్లాసు పట్టుకుంటే కాలుతున్నదో లేదో మూతి చెప్పాలె. ఆడోళ్ల చేతులకు గాజులు ఎక్కిచ్చేటోణ్ని, గాజు పగిలి నా వేలు తెగితే ఆమె చూసి అరిచింది, నాకు తెల్వలే."

"కంప్లైంట్ ఇయ్యలేదా షరీఫ్ భాయ్?"

"ఇచ్చిన. మీ అభిప్రాయం మాకు అమూల్యం అన్నది ఆ సంతసఖి. ఎక్కడేసిన గొంగడి అక్కడే ఉన్నది. నీ సామాను మీదనే సామెత చెప్తున్న, ఏమనుకోకు." కొంచెం ఆగి, గొంతు తగ్గించాడు. "సిద్దిపేటల సంతబాటోళ్ల ముద్ర కేంద్రంల ప్రణవి అని ఒక మేడం ఉన్నది. ముందు వాళ్ల ల్యాబుల పనిచేసిందట. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు కలువు."

ప్రణవి సన్నగా, నిద్ర చాలని కళ్లతో ఉంది. రజిత చెప్పింది విని, లేచి తలుపు గడియ పెట్టింది. రజిత కళ్లకు గుడ్డ కట్టి, ఆమె చేతిలో ఒక్కొక్క వస్తువే పెట్టసాగింది.

"స్టీలు గ్లాసు" అంది రజిత. "చల్లగుంది... ఇది ఇటుక. ఇది దూదో ఏమో, సరిగ్గ తెలుస్తలేదు... పెట్టున్రి మేడం."

"పెట్టాను. మీ గొంగడి ముక్కే."

రజిత వేళ్లు కదిపింది. ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన ఉన్ని.

"ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ ఏం లేదు."

ప్రణవి గుడ్డ విప్పింది. రజిత చేతిలో ఉన్నది ప్రణవి చెయ్యి.

"ఎడమచేత్తో చూసినా ఇంతే" అంది ప్రణవి. "వేలు తలుపు మాత్రమే రజితగారూ, పోతున్నది లోపలి కొట్టులోంచి. ముద్ర నకలు తీసుకుంటుందని మేమంతా అనుకున్నాం. కాదు. తోడుకుంటుంది. కొంచెమే తోడుకుంటుంది, ఆగితే మళ్లీ ఊరుతుంది. ఒకసారి వేసి వదిలేస్తే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నెలనెలా వేయమని రూలు పెట్టాక..."

"చెలిమె అడుగంటుతది" అంది రజిత. వాగు ఇసుకలో గుంట తీసి నీళ్లు తోడుకున్న పిల్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"అంతే. కానీ అందరికీ వాళ్ల సరుకు తగలడం పోయింది. మీకు మనిషి ఒళ్లు కూడా పోయింది. అదే నాకు అర్థం కావడం లేదు. ముద్ర వేసేటప్పుడు మీరు ఏం చేస్తారు?"

రజిత చేసి చూపించింది, కళ్లకద్దుకోవడం.

"అయితే వాళ్లు ఇన్నాళ్లూ ఇష్టపడ్డది ఉన్నిని కాదన్నమాట" అంది ప్రణవి. తర్వాత తన సంగతి చెప్పింది. ల్యాబులో మొట్టమొదటి ముద్ర ఆమె వేళ్లతోనే వేశారు. ధారగా పోసే నీళ్లు. వందలసార్లు వేశారు. "ఇప్పుడు స్నానం చేస్తే తడిశానో లేదో అద్దంలో చూసుకుంటాను. పైవాళ్లకు రాసి పంపాను. ఇక్కడికి బదిలీ చేశారు."

"ఆపితే తిరిగొస్తదా మేడం?"

"వస్తుందనే అనుకుంటున్నాను. నాకైతే ఇంకా రాలేదు. అడుగంటా తోడితే మాత్రం రాదు. మీకు ఏమైనా మిగిలి ఉందా? బాగా ఆలోచించి చెప్పండి."

"రాత్రి పండుకున్నప్పుడు బిడ్డ చెంప నా చేతి మీద పెడ్తది. అప్పుడు కొంచెం... ఉన్నట్టే అనిపిస్తది."

"దాన్ని కాపాడుకోండి" అంది ప్రణవి.

కాపాడుకోమని చెప్పడం తేలిక. చలికాలపు పండుగ అమ్మకం ఎల్లుండి మొదలవుతుంది. అదే రోజు ముద్ర గడువు. ఏడాదిలో సగం గొంగళ్లు అమ్ముడుపోయేది ఆ వారంలోనే. ఏడిళ్లవాళ్లూ ఆ ధైర్యంతోనే ఉన్ని కొని, నేసి, గుట్టలు పేర్చి ఉన్నారు. రజిత ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పింది. కొమురెల్లి నమ్మాడు. నమ్మాడు కాబట్టే అతని ముఖం వాడిపోయింది.

"ఈ ఒక్క నెల ఎయ్యి రజితా. అమ్మకం కానీ. తర్వాత ఆపుదాం. నేనే ఆపుత."

"ఆ ఒక్క నెలల అంతా పోతే?"

"మొత్తమెందుకు పోతది? ఇన్ని నెలలకు పోనిది... జర ఆలోచించు, ఆరిండ్లోళ్లకు ఏం చెప్తం? పిల్ల జరానికి తర్మామీటరు కొనుక్కుందాం."

అతను దుర్మార్గుడు కాదు. భయపడ్డ మనిషి ఏమంటాడో అదే అన్నాడు. రజితకు అది తెలుసు, తెలిసినా ఆ తర్మామీటరు మాట ఆమెకు ముల్లులా దిగింది. ఐలవ్వ రాట్నం తిప్పుతూనే ఉంది.

గడువు రోజు పొద్దున రజిత టోపీలు తొడుక్కుంది. కళ్లకద్దుకోకుండా ఉన్నితోనే నెట్టుకొద్దామని ఆమె ఆలోచన. షెడ్డులో ఓ మూల ఐలవ్వ రాట్నం తిప్పుతోంది, పొయ్యి మీద చింతగింజల గంజి కుతకుతమంటోంది. కొమురెల్లి మగ్గం ఎక్కకుండా ఫోన్ పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. రజిత గొంగడిని తాకింది. నలభై రెండు శాతం. నిమిరింది. నలభై.

"వేలిని మరింత గట్టిగా నొక్కండి" అంది సంతసఖి.

ఇక తప్పదని కళ్లకద్దుకుంది. అరవై ఒకటి. మళ్లీ అద్దుకుంది. అరవై. వేళ్లకు తన రెప్పలు తగలడం లేదు, యంత్రానికి మాత్రం ఎక్కడి నుంచి తగులుతాయి?

"గడువు ముగియడానికి కొద్దిసేపే ఉంది" అంది సంతసఖి, అంతే తియ్యగా.

"పోదాం, వాళ్ల ఆఫీసుకు పోయి కాళ్లన్న పట్టుకుందాం" అని కొమురెల్లి లేవబోతున్నాడు. అప్పుడు వెన్నెల నిద్రకళ్లతో షెడ్డులోకి వచ్చింది. జ్వరం తగ్గి ఇంకా నీరసంగానే ఉంది. ఎవరినీ పట్టించుకోకుండా తల్లి ఒళ్లోకి ఎక్కి, రోజూ రాత్రి చేసినట్టే, ఆమె చేతిని దగ్గరికి లాక్కుని చెంప ఆనించి కళ్లు మూసుకుంది.

ఫోన్‌లో అంకె కదిలింది. డెబ్బై.

"ఆగు!" కొమురెల్లి మళ్లీ కూర్చుండిపోయాడు. "చెయ్యి తియ్యకు. పెరుగుతున్నది."

డెబ్బై తొమ్మిది. ఎనభై ఐదు. రజితకు వేళ్ల చివర ఆ కొంచెం తగిలింది. లేత చెంప, దాని మీద లాలాజలం తడి, పళ్లు వచ్చే చోట చిన్న గట్టిదనం. ఎంత హాయిగా ఉందో చెప్పలేం. తొంభై. ఏడిళ్ల మగ్గాలు, అప్పు లేని షెడ్డు, జాతరకు కొత్త బట్టలు, అన్నీ ఆ అంకెలోనే ఉన్నాయి. తొంభై రెండు. అంతలో గట్టిదనం తెలియకుండా పోయింది. తొంభై మూడు. తడి పోయింది. అంకె ఎక్కడి నుంచి పెరుగుతోందో రజితకు అప్పుడు అర్థమైంది. మిగిలింది వెచ్చదనం ఒక్కటే. అదీ వేళ్లలోంచి జారుతోంది.

తొంభై నాలుగు.

రజిత చెయ్యి లాగేసుకుంది. పళ్లతో పట్టి టోపీలు పీకి నేలకేసి కొట్టింది. వెన్నెల అదిరిపడి ఏడుపు లంకించుకుంది.

"ఒక్క శాతం మాత్రమే తక్కువ" అంది సంతసఖి. "దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

ఐలవ్వ రాట్నం దగ్గర నుంచి లేచింది. నేల మీది టోపీలు మూడూ ఏరి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నడిచి వెళ్లి, కాగుతున్న గంజి కుండలో వేసింది.

"ఇగ తోడుకొమ్మను, ఎంత తోడుకుంటదో."

ఆ మధ్యాహ్నానికే ఖాతా మూతపడింది. కొమురెల్లి రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. ఆరిళ్లకూ రజితే వెళ్లి చెప్పింది. ఒక ఇంట్లో మంచినీళ్లు ఇచ్చారు, ఒక ఇంట్లో తలుపు వేసుకున్నారు. గ్రూపులో జరిగింది జరిగినట్టు రాసింది. షరీఫ్ గాజులన్నీ సంతబాటలోంచి తీసేశాడు. ఇంకొందరు తీసేశారు. అందరూ తీసేశారంటే అబద్ధం. చాలామందికి తీసేసే దారి లేదు.

కొన్నాళ్లకు షరీఫ్ ఫోన్ చేశాడు. "అక్కా, సంతబాటల ఏదో మిల్లు దుప్పటి పెట్టిండ్రు. నేను వేలు పెట్టి చూసిన. నీదే అక్కా, ఆ కండ్లకద్దుకునుడు. ఖాతా మూసినా ముద్ర కంపెనీదేనంట, రూల్సుల రాసే ఉన్నదంట." రజిత ఫోన్ పెట్టేసి, తన రెప్పల మీద వేళ్లు పెట్టుకుంది. ఏమీ తగల్లేదు. దూరాన ఎవరెవరికో అవి తగులుతున్నాయి. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

మల్లన్న జాతరలో గొంగళ్లు నేల మీద పరిచి అమ్మారు. జనం సొంత చేతులతో పట్టుకుని చూసి "గుచ్చుకుంటుంది" అన్నారు. "గుచ్చుకోకుంటే అది గొంగడెట్లయితది? కప్పుకో, నీ మనవనికి మెత్తగైతది" అని ఐలవ్వ ఒప్పించింది. అమ్మినవి సగం కూడా కావు. రెండిళ్లవాళ్లు మగ్గాలు విప్పి హైదరాబాదులో కూలికి పోయారు. వాళ్ల గడపల ముందు నుంచి నడిచిన ప్రతిసారీ రజిత తల దించుకునేది. ఎండాకాలం వచ్చి పోయింది. ప్రతి పొద్దునా లేవగానే ఆమె వెన్నెల నుదుటి మీద చెయ్యి వేసేది. ఫొటోను తాకినట్టే ఉండేది. తలాపున తర్మామీటరు ఉండేది.

మృగశిర వానలు పడ్డాక ఒక తెల్లవారుజామున గొర్రెలను చూసి రావడానికి రజిత గొంగడిని నెత్తి మీంచి కొప్పెరలా కప్పుకుంది. మెడ దగ్గర అంచు సర్దుకుంటుంటే వేలికి ఏదో చురుక్కుమంది. పురుగనుకుని విదిలించింది. మళ్లీ అంచు పట్టుకుంది. మళ్లీ చురుక్కుమంది. వానలో అలాగే నిలబడి ఆ అంచును రెండు వేళ్ల మధ్య రుద్దింది. గరుకు. బిరుసు. గుచ్చుకుంటోంది.

తడి కాళ్లతోనే లోపలికి పరిగెత్తింది. వెన్నెల బోర్లా పడుకుని ఉంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని నుదుటి మీద పెట్టింది.

"అత్తా!" ఇల్లు అదిరేలా అరిచింది. "అత్తా, జరం! వెన్నెలకు జరమొచ్చిందత్తా!"

ఐలవ్వ గుండెలు బాదుకుంటూ వచ్చింది. వెనకే కొమురెల్లి బండి తాళం పట్టుకుని వచ్చాడు. చూస్తే రజిత పిల్ల పక్కన కూలబడి నవ్వుతోంది, కళ్లలోంచి ధారలు కారిపోతున్నాయి.

"పోరికి జరమొస్తే నవ్వుతవేందే, పిచ్చి లేసిందా?" అని గదమాయిస్తూ ఐలవ్వ వంగింది. మనవరాలి నుదుటి మీదికి చెయ్యి చాపింది. అక్కడ కోడలి చెయ్యి ఉంది. ముసలామె దాన్ని చూసింది, కోడలి ముఖం చూసింది. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"కొంచెమున్నదా, ఎక్కువున్నదా?" అని అడిగింది. "నువ్వే చూసి చెప్పు."